దినాలు దగ్గరపడిన మనిషిలో కనిపించే ఆనవాళ్లు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మంచం పట్టిన మనిషికి చివరి రోజులు వచ్చాయన్న సంగతిని మొదట కనిపెట్టేది సాధారణంగా వాడకట్టులోని ఒక పెద్దామె. ఆమె వచ్చి అరికాళ్లు పట్టి చూస్తుంది, ముక్కు వంక, కళ్ల వంక పరికిస్తుంది, కాసేపు ఊపిరి వింటుంది, బయటకు వచ్చి "దినాలు దగ్గరవడ్డయి, పిల్లగాండ్లకు ఫోన్ చేయుండ్రి" అంటుంది. ఆమె చూసిన వాటిలో చాలా భాగం పాలియేటివ్ వైద్యం, అంటే జబ్బు నయం కాని దశలో బాధ తగ్గించడమే పనిగా పెట్టుకున్న వైద్యం, పరిశీలించి నిర్ధారించిన లక్షణాలే. అయితే చావులు ఆస్పత్రి వార్డుల్లోకి, ఐసీయూల్లోకి తరలిపోయిన కొద్దీ ఇంట్లో చావును దగ్గరగా చూసిన అనుభవం తరువాతి తరానికి అందడం లేదు. ఆనవాళ్లు తెలియని ఇల్లు రెండు విధాలుగా పొరపడుతుంది. గంటల్లో పోయే ప్రాణాన్ని అర్ధరాత్రి అంబులెన్సులో హైదరాబాదు దారి పట్టిస్తుంది. లేదా మందుతో తేరుకునే మనిషిని "ఇగ అయిపోయింది" అని చాప మీదికి దింపుతుంది.

ఈ ప్రాంతానికి ఆనవాళ్లు తెలియవలసిన అవసరం మరో కారణం వల్ల కూడా ఎక్కువ. పాలమూరు ఇండ్లలో కొడుకులో కోడండ్లో ముంబయిలోనో పుణెలోనో కూలికి ఉంటారు, నల్లగొండ పిల్లలు హైదరాబాదులోనో ఇంకా దూరానో ఉంటారు. కబురు అందాక సెలవు అడిగి, చార్జీలకు డబ్బు చూసుకొని, రాత్రంతా బస్సులో కూర్చొని వచ్చేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆఖరి గంటల్లో కనిపించే గుర్తును చూసి ఫోన్ చేస్తే వారికి దక్కేది శవం చూపే. మనిషి మాట్లాడగలిగి ఉండగా కబురు పంపాలంటే, వారాల ముందు మొదలయ్యే నెమ్మదైన మార్పులను గుర్తించడం రావాలి.

ఆ నెమ్మదైన మార్పులలో మొదటిది తిండి తగ్గడం. రొట్టె, బువ్వ సహించవు, తరువాత గట్క, జావ, చివరకు రెండు చెంచాల చాయ మాత్రమే మిగులుతాయి. కేన్సర్, గుండె, మూత్రపిండాల జబ్బులు ముదిరినప్పుడు శరీరం ఆహారాన్ని వాడుకొనే తీరే మారిపోతుంది. ఆకలి పుట్టదు, పేగుల కదలిక మందగిస్తుంది, తిన్నది కండ పట్టదు. ఇంటివారికి మాత్రం తినకపోవడమే ప్రాణం తీస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే బతిమాలి, కోప్పడి, నోరు తెరిపించి పెడతారు. మింగే శక్తి తగ్గిన మనిషికి అలా పెట్టిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అడిగినప్పుడు అడిగినంత, ఇష్టమైనది, కూర్చోబెట్టి పెట్టడమే ఈ దశలో సరైన పద్ధతి. మిగిలింది వదిలేసినందుకు ఎవరూ తమను తాము నిందించుకోనక్కరలేదు.

దీని వెంటే సెలైన్ సంగతి వస్తుంది. తినడం మానగానే ఊరి ఆర్‌ఎంపీని పిలిచి, దూలానికి గ్లూకోజ్ బాటిల్ వేలాడదీయించడం మన పల్లెల్లో ఒక ఆచారమంత గట్టిగా పాతుకుపోయింది. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చున్నామన్న అపవాదు రాకూడదన్న ఆరాటం దాని వెనుక ఉంది, ఆ ఆరాటాన్ని తప్పు పట్టలేం. కానీ 2013లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం చివరి దశ కేన్సర్ రోగులు 129 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు లీటరు, మరో జట్టుకు పేరుకు మాత్రమే 100 మిల్లీలీటర్ల సెలైన్ ఇచ్చి చూస్తే, బాధలలో గానీ ఆయుష్షులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరి రోజుల్లో గుండె, మూత్రపిండాలు ఆ నీటిని తిప్పికొట్టలేవు. అది పాదాల్లో వాపుగా, గొంతులో కఫంగా, ఊపిరితిత్తుల్లో చెమ్మగా చేరి ఆయాసం పెంచుతుంది. నోరు ఎండుతున్నదన్నది నిజమైన బాధే. దానికి మందు తడి దూదితో పెదాలు, నాలుక తరచుగా తుడవడం, పెదాలకు కొంచెం నెయ్యో వాజెలిన్‌నో రాయడం.

రెండవది నిద్ర. పగలు రాత్రి తేడా లేకుండా పడుకోవడం, పిలిస్తే పలికి మళ్లీ కళ్లు మూయడం, చివరకు రోజులో మెలకువగా ఉండే కాలం గంటా రెండు గంటలకు కుదించుకుపోవడం జరుగుతుంది. నెల నెలకూ దిగజారుతున్న మనిషికి సాధారణంగా నెలలు, వారం వారానికీ దిగజారుతుంటే వారాలు, రోజు రోజుకూ దిగజారుతుంటే రోజులు మిగిలాయని పాలియేటివ్ వైద్యులు అంచనా కడతారు. ఇది లెక్కకు లెక్క సరిపోయే సూత్రం కాకపోయినా, ఫోన్ ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు ఇంతకంటే అక్కరకు వచ్చే కొలత మరొకటి లేదు. ఇది కేన్సర్‌లో బాగా పనికివస్తుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో మనిషి పడిపోవడం, లేవడం, మళ్లీ పడిపోవడం జరుగుతుంటాయి కనుక ఏ పడిపోవడం చివరిదో ముందుగా చెప్పడం వైద్యులకూ కష్టమే.

శరీరంతో పాటు మనసు కూడా లోపలికి ముడుచుకుంటుంది. పంటల మాట, పంచాయతీ మాట, వచ్చిపోయే వారి మాట పట్టదు. గోడ వైపు తిరిగి పడుకుంటారు. దగ్గరివారు దీన్ని అలకగా, విసుగుగా తీసుకొని నొచ్చుకోవడం తరచుగా జరుగుతుంది. మరికొందరు ఉన్నట్టుండి లెక్కలు తేల్చుకోవాలనుకుంటారు. ఎవరికి ఎంత బాకీ ఉందో చెబుతారు, పట్టాదారు పాసుపుస్తకం ఏ పెట్టెలో ఉందో గుర్తు చేస్తారు, ఏండ్ల తరబడి మాటలు లేని తమ్ముణ్ని పిలిపించమంటారు. ఇవి విన్నప్పుడు "అట్ల మాట్లాడకు, నీకేమైతది" అని నోరు మూయించడం మన ఇండ్లలో ప్రేమగా చెలామణి అవుతోంది. కేన్సర్ అన్న మాట రోగి చెవిన పడనీయకుండా బంధువులంతా ఒక్కటై దాచడం కూడా ఈ కోవలోదే. తన శరీరం సంగతి ఆ మనిషికి చాలావరకు తెలిసే ఉంటుంది. దాచడం వల్ల పోయేది అతని భయం కాదు, ఆ భయాన్ని పంచుకొనే అవకాశం. "నీకేమనిపిస్తున్నది?" అని అడిగి, వచ్చిన జవాబును అడ్డుకోకుండా వినడం ఎంత చిన్నదో అంత కష్టమైన పని.

చనిపోయిన తల్లి వచ్చి మంచం పక్కన కూర్చున్నదని, అన్న పిలుస్తున్నాడని, బస్సు వచ్చింది బట్టలు సర్దమని, ఇల్లు చేరాలని చెప్పడం ఈ దశలో తరచుగా వినిపిస్తుంది. సొంత మంచంలోనే పడుకొని ఉన్నా "ఇంటికి పోదాం" అంటారు. అమెరికాలోని బఫెలో నగరపు హాస్పిస్‌లో, అంటే చివరి దశ రోగులను చూసుకొనే కేంద్రంలో, 59 మందిని రోజూ పలకరించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 88 శాతం మంది ఇలాంటి కలో దర్శనమో కనీసం ఒక్కటైనా కలిగిందని చెప్పారు. మరణం దగ్గరపడిన కొద్దీ వాటిలో చనిపోయిన వారు కనిపించడం పెరిగింది, అవి ఎక్కువగా ఊరటనే ఇచ్చాయి. మన వాడుకలోని "పెద్దలు పిలుస్తున్నరు" అన్న మాటకు వేరే దేశంలో, వేరే మతాల వారి మధ్య దొరికిన ఈ పోలిక గమనించదగినది. దానికి పరలోకపు అర్థం చెప్పాలా, మెదడు మార్పుగా చూడాలా అన్నది ఎవరి నమ్మకం వారిది. ఆ మనిషి ప్రశాంతంగా ఉన్నంత వరకు "అక్కడెవరూ లేరు" అని వాదించవలసిన పని లేదు, భూతవైద్యుణ్ని పిలవవలసిన పని అసలే లేదు.

అయితే ప్రశాంతంగా చెప్పే మాటలకూ, భయంతో కేకలు వేయడానికీ, లేచి పారిపోవాలని పెనుగులాడటానికీ, దుప్పటి పీకుతూ గాలిలో దేన్నో పట్టుకోవాలని చూడటానికీ తేడా ఉంది. రెండవ దాన్ని వైద్యులు డెలీరియం అంటారు; మన దగ్గర "జీవి కొట్టుకుంటున్నది" అంటారు. చివరి రోజుల్లో ఇది నిజంగానే కనిపిస్తుంది. కానీ దీనినే చావు గుర్తుగా తీసుకోవడంలో ఉన్నంత ప్రమాదం మరే లక్షణంలోనూ లేదు, ఎందుకంటే దీనికి సరిచేయగల కారణాలు చాలా ఉన్నాయి. మూత్రం బిగించుకుపోయి పొత్తికడుపు ఉబ్బితే మాట చెప్పలేని మనిషి ఇలాగే పెనుగులాడతాడు. గొట్టం వేసి మూత్రం తీస్తే అరగంటలో నిద్రపోతాడు. వారం రోజుల మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా ఇదే పని చేస్తాయి. తిండి మానిన షుగర్ రోగికి అలవాటు ప్రకారం షుగర్ గోలీ వేస్తూ పోతే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. వేలి చివర ఒక్క చుక్క రక్తం పరీక్షిస్తే తెలిసే ఈ సంగతిని పట్టించుకోక, కింద పడుకోబెట్టి ఏడవడం మొదలుపెట్టడం కంటే బాధాకరమైనది ఉండదు. నడి ఎండాకాలంలో రేకుల ఇంట్లో పడుకున్న వృద్ధుడు వడదెబ్బతో మాట తడబడటం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

పాలమూరు, నల్లగొండ పల్లెలకు సంబంధించి ఇంకొక కారణాన్ని విడిగా చెప్పుకోవాలి. రోజూ కల్లు తాగే అలవాటున్న పెద్దవారు మంచం పట్టగానే కల్లు ఆగిపోతుంది. ఆ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిసి ఉంటే, మానిన కొద్ది రోజుల్లోనే చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలవుతాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరకనప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో జనం పోటెత్తారు. తుంటి ఎముక విరిగి పడుకున్న ముసలాయన మూడో రోజు నుంచి పిచ్చిగా మాట్లాడుతుంటే, అది చావు గుర్తో కల్లు మానిన గుర్తో తేల్చవలసింది డాక్టరే. డాక్టరుకు కల్లు సంగతి సిగ్గుపడకుండా చెప్పవలసింది మాత్రం ఇంటివారే. మార్పు ఒక్కసారిగా, ఒకటి రెండు రోజుల్లో వచ్చిందంటే ముందు కారణం వెతకాలి. నెలల తరబడి నయం కాని జబ్బుతో దిగజారుతూ వచ్చి ఈ స్థితికి చేరితే దాన్ని వేరుగా చదవాలి.

ఇక చివరి రెండు మూడు రోజులు. ఇక్కడ ఆనవాళ్లు స్పష్టపడతాయి, ముఖ్యంగా ఊపిరిలో. శ్వాస క్రమంగా పెద్దదవుతూ పోయి, మళ్లీ తగ్గుతూ వచ్చి, కొన్ని సెకన్ల పాటు పూర్తిగా ఆగి, తిరిగి మొదలవుతుంది. డబ్లిన్‌లో పనిచేసిన ఇద్దరు వైద్యులు, 1818లో చేన్, 1854లో స్టోక్స్ దీన్ని వర్ణించినందువల్ల వారి పేర్లతోనే పిలుస్తున్నారు. ఆగిన ప్రతిసారీ పక్కనున్నవారి గుండె ఆగినంత పనవుతుంది, కానీ రోగికి ఆ విరామం తెలియదు. తరువాత గొంతులో గురగుర మొదలవుతుంది. మింగలేని, దగ్గలేని స్థితిలో గొంతులో చేరిన తడి మీదుగా గాలి పోవడం వల్ల వచ్చే చప్పుడది. వినేవారికి నీళ్లలో మునుగుతున్నట్టు ఉంటుంది. స్పృహ లోపించిన మనిషికి దాని వల్ల బాధ కలుగుతున్నదని అనుకోవడానికి ఆధారం లేదు. ఒక పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తులో పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ఆ తరువాతిది దవడ శ్వాస. ఛాతీ కదలిక తగ్గి, ఊపిరి తీసిన ప్రతిసారీ కింది దవడ మాత్రమే చేప నోటిలా తెరుచుకుంటుంది.

వీటి వరుస మీద జపాన్‌లో 100 మంది కేన్సర్ రోగులను గమనించి 1998లో ప్రచురించిన లెక్క ఒకటుంది. సగటున గురగుర మరణానికి 57 గంటల ముందు, దవడ శ్వాస 7.6 గంటల ముందు, చేతులు కాళ్లు నీలిబడటం 5.1 గంటల ముందు, మణికట్టు దగ్గర నాడి అందకపోవడం 2.6 గంటల ముందు కనిపించాయి. ఇవి సగటులే. మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎంతో ఎక్కువ. తరువాత అమెరికా, బ్రెజిల్‌లలోని రెండు కేన్సర్ ఆస్పత్రుల్లో 357 మంది మీద జరిగిన పరిశీలనలో మరో ముఖ్య విషయం తేలింది. ఈ చివరి గుర్తులు కనిపిస్తే మూడు రోజుల లోపు మరణం సంభవించే అవకాశం చాలా ఎక్కువ, కానీ అందరిలోనూ అవి కనిపించవు. కాబట్టి "ఇంకా కాళ్లు వెచ్చగానే ఉన్నయి" అన్నది ధీమాగా తీసుకోదగిన మాట కాదు.

కాళ్ల సంగతిలో ఒక జాగ్రత్త. రక్తం ముఖ్య అవయవాలకు పరిమితమవుతున్న కొద్దీ మోకాళ్లు, పాదాలు చల్లబడి చర్మం మీద మచ్చలు మచ్చలుగా నీలి, ఊదా రంగు తేలుతుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. అవి తెల్లని చర్మాన్ని చూసి రాసిన వర్ణనలు. చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ మచ్చలు సులభంగా కనబడవు కనుక గోళ్లు, అరచేతులు, అరికాళ్లు, పెదాల లోపలి వైపు చూడాలి, చేత్తో తాకి చల్లదనం ఎంత పైదాకా వచ్చిందో గమనించాలి. శొంఠి పొడి మెల్లగా రుద్దడంలో హాని లేదు, అందులో సేవ చేసిన తృప్తి ఉంది. వేడి నీళ్ల సీసాలు, నిప్పుల కుంపటి మాత్రం స్పర్శ తెలియని చర్మాన్ని కాలుస్తాయి. మూత్రం తగ్గి చిక్కని రంగులో రావడం, చూపు ఒకచోట నిలిచిపోవడం, రెప్పలు పూర్తిగా మూతపడకపోవడం, ముక్కు పక్కల నుంచి పెదవి చివరలకు దిగే గీతలు సడలడం కూడా ఈ దశవే. పెద్దామె ముక్కు వంక చూడటం ఊరికే కాదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్, అంటే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు, పీడించిన ఇండ్లలో ఈ చదువు మరింత జాగ్రత్తగా సాగాలి. మెడ వెనక్కు విరుచుకోవడం పైన చెప్పిన అమెరికా, బ్రెజిల్ పరిశీలన గుర్తించిన చివరి లక్షణాలలో ఒకటి. వెన్ను, మెడ కట్టెలా బిగిసిపోయి ఏండ్లుగా బతుకుతున్న మనిషిలో దానికి అర్థం ఉండదు. పక్కటెముకల కీళ్లు కదలక వారు ఎప్పటి నుంచో పొట్టతోనే ఊపిరి తీస్తుంటారు, అది కూడా కొత్త గుర్తు కాదు. అలాంటి వారి వంగిన వెన్నును నేల మీద చదునుగా పడుకోబెట్టడం విపరీతమైన నొప్పి కలిగిస్తుంది. ప్రాణం మంచం మీద పోకూడదన్న పట్టింపు ఉన్నచోట నేల మీద పరుపు వేసి, మెడ కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి, పక్కకు పడుకోబెడితే ఆచారమూ చెల్లుతుంది, శరీరమూ నలగదు.

తులసి తీర్థం, గంగాజలం, జమ్‌జమ్ నీళ్లు నోట్లో పోయడం గురించీ ఇలాగే చెప్పాలి. స్పృహలో లేని మనిషికి చెంచాడు నీళ్లు ఊపిరికి అడ్డుపడతాయి. వేలితో పెదాల మీద ఒక చుక్క అద్దితే సరిపోతుంది. చెవి దగ్గర కల్మా చదవడానికి, గోవింద నామం చెప్పడానికి, ప్రార్థన చేయడానికి వైద్యం అడ్డు చెప్పదు సరికదా, కెనడాలోని వాంకోవర్‌లో హాస్పిస్ రోగుల మెదడు తరంగాలను నమోదు చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం, స్పందన లేని స్థితిలోనూ కొందరి మెదడు శబ్దాలకు ప్రతిస్పందించిందని చూపింది. విన్నది అర్థమవుతున్నదా అన్నది అది తేల్చలేదు. అయినా రావలసిన కొడుకు బస్సులోనే ఉంటే, ఫోన్ చెవి దగ్గర పెట్టి మాట్లాడించడానికి ఈ ఆధారం చాలు. వైకుంఠధామం ఖర్చుల గురించో, పంపకాల గురించో ఆ మంచం పక్కన మాట్లాడకుండా ఉండటానికీ ఇదే కారణం చాలు.

కొందరిలో అన్నీ అడుగంటిన తరువాత ఒక పూట తేట వస్తుంది. రోజులుగా పలకని మనిషి లేచి కూర్చొని మనవరాలిని పేరుతో పిలుస్తుంది, పెరుగన్నం అడుగుతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని మన పెద్దలు అనేది దీన్నే. మతిమరుపు జబ్బుతో ఏండ్ల తరబడి ఎవరినీ గుర్తుపట్టని వారిలోనూ ఇది నమోదైంది. కారణం నేటికీ స్పష్టంగా తెలియదు. ఇది అందరికీ రాదు, వచ్చినవారిలో కూడా ఎక్కువగా గంటలు, ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. దీన్ని కోలుకోవడంగా పొరబడి వచ్చిన పిల్లలను తిరుగు బస్సు ఎక్కించిన ఇండ్లు ఆ తరువాత చాలాకాలం బాధపడతాయి.

ఆస్పత్రిలో ఉండాలా, ఇంటికి రావాలా అన్న నిర్ణయం ఈ ఆనవాళ్ల మీదే ఆధారపడాలి తప్ప బిల్లు మీదో, బంధువుల మాట మీదో కాదు. ఇంటికి తెచ్చుకున్నా నొప్పికి, ఆయాసానికి మందు ఉండాలి. మార్ఫిన్ సరైన మోతాదులో ఈ రెండింటినీ తగ్గిస్తుంది, చావును తొందరపెట్టదు. దాన్ని అందుబాటులోకి తేవడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. ముఖం మీదికి మెల్లగా గాలి వచ్చేలా టేబుల్ ఫ్యాన్ పెట్టడం కూడా ఆయాసాన్ని తగ్గిస్తుంది. చేవెళ్లలో మొదలై జిల్లాలకు విస్తరించిన ప్రభుత్వ పాలియేటివ్ సేవలో 'ఆలన' వాహనం నర్సుతో ఇంటికే వస్తుంది. ఈ సేవ ఉందని తెలియక వాడుకోని కుటుంబాలు ఎన్నో. వెంటిలేటర్ వద్దన్న తన మాటను ముందుగానే రాసి పెట్టుకొనే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో నిబంధనలను సులభం చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే చాలన్నది.

చివరి గంటలో శ్వాసల మధ్య విరామం పెరుగుతూ పోతుంది. ఆగిపోయిందనుకున్నాక ఒక నిమిషానికి మరో శ్వాస, దాని తరువాత ఇంకొకటి రావచ్చు. ఐదు నిమిషాల పాటు ఏ కదలికా లేకుండా, నాడి అందకుండా, కంటిపాప వెలుతురుకు చిన్నది కాకుండా ఉన్నప్పుడే ముగిసిందని అనుకోవాలి, డాక్టరుతో నిర్ధారించుకోవాలి. మరణించిన సమయాన్ని ఎవరో ఒకరు రాసి పెట్టాలి; 21 రోజుల లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదుకు అది కావాలి. ఆ వెంటనే ఎవరూ పరుగులు పెట్టనవసరం లేదు. శరీరం బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో రెప్పల దగ్గర, దవడ దగ్గర మొదలవుతుంది కనుక, కళ్లు మూయడం, దవడ కింది నుంచి తల మీదికి గుడ్డ కట్టడం, కాళ్లు చాపి బొటనవేళ్లు కలిపి కట్టడం మాత్రం వెచ్చదనం ఉండగానే చేస్తారు.